బుకింగు కిటికీ వెనక ఎవరు?

ఈ వారం హీరోల సంగతులూ లేవు, హీరోయిన్ల కబుర్లూ లేవు. టిక్కెట్టు గురించి రాస్తున్నాను. "టిక్కెట్టు గురించి రాయడానికేముందండీ, ఫోను తీసి నాలుగు నొక్కులు నొక్కితే వచ్చేస్తుంది కదా!" అంటారేమో. ఆ నాలుగు నొక్కుల కోసమే ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం చట్టం మార్చింది. థియేటర్లవాళ్లు, యాప్‌లవాళ్లు కోర్టు మెట్లెక్కారు. మన అగ్రతారలు ప్రత్యేక విమానంలో ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లి వచ్చారు. సెంటిమెంటు, సస్పెన్సు, కోర్టు సీను అన్నీ ఉన్న కథ ఇది. మన కథే. అయినా అందులో ప్రేక్షకుడికి ఒక్క డైలాగు కూడా పెట్టలేదు!

ముందు చిన్న ఫ్లాష్‌బ్యాక్. ఒకప్పుడు టిక్కెట్టంటే పల్చటి రంగు కాయితం. నేలకో రంగు, బెంచీకో రంగు, కుర్చీకో రంగు. ఒక్క మనిషి మాత్రమే పట్టే సందులో, ఇనప కమ్మీల మధ్య చెమటలు కక్కుతూ నిలబడి, గోడలో ఉన్న కంతలోకి చెయ్యి దూర్చి డబ్బులిస్తే ఆ కాయితం అరచేతిలో పడేది. లోపల కూర్చున్న బుకింగు క్లర్కుకి మన చెయ్యి తప్ప మొహం కనబడేది కాదు. బయట గోడ వారగా నిలబడి గుసగుసగా రేటు చెప్పే బ్లాకు టిక్కెట్లవాడికి కూడా మన పేరుతో పని లేదు. ఆ హాల్లో వెయ్యిమంది కూర్చుంటే, ఎవరు వచ్చారో రాసిపెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఆ రోజులే బాగున్నాయని పాట పాడబోతున్నాననుకోకండి. ఆ క్యూల్లో చిరిగిన చొక్కాలు, తగిలిన లాఠీ దెబ్బలు నాకు బాగానే గుర్తున్నాయి. ఆడవాళ్ల క్యూలో తోపులాట చూసి, చంటిపిల్లలతో వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోవడం కూడా చూశాను. ఫోనులో టిక్కెట్టు వచ్చాక ఆ బాధ చాలావరకు పోయింది. ఏ సీటో, ఎన్ని మిగిలాయో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇది నిజమైన మేలు. కాదంటే కళ్లు పోతాయి.

అయితే ఆ మేలుకి ఓ రేటుంది. టిక్కెట్టు ధర పక్కనే "కన్వీనియన్స్ ఫీజు" అని ఒకటి కనబడుతుంది చూడండి, అదీ! నా ఫోనులో ఒక్కో టిక్కెట్టుకి పాతిక, ముప్పై రూపాయలు పడుతోంది. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఇక్కడో తమాషా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలూ అంతలోపు టిక్కెట్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఫీజు మీద పన్ను మాత్రం ఎప్పటిలా 18 శాతమే. అంటే సినిమా చూసినందుకంటే, టిక్కెట్టు కొన్నందుకు కట్టే పన్ను శాతమే ఎక్కువన్నమాట!

పోనీ, ఈ వ్యాపారం విలువెంత? 2024 ఆగస్టులో పేటీఎం తన సినిమా, కార్యక్రమాల టిక్కెట్ల వ్యాపారాన్ని జొమాటోకి అమ్మింది. ధర 2,048 కోట్ల రూపాయలు! ఆ వ్యాపారానికి సొంత హాలు లేదు, తెర లేదు, సీటు లేదు, ఒక్క ప్రొజెక్టరు లేదు. మరి అంత డబ్బు పోసి ఏం కొన్నట్టు? నా లెక్క ప్రకారం మిమ్మల్నీ నన్నూ కొన్నారు. మనం ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఎన్నింటి ఆటకి, ఎందరితో కలిసి, ఏ హీరో సినిమాకి వెళ్తామో తెలిపే పద్దుల్ని కొన్నారు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ వస్తాను.

రాష్ట్రానికి అధికారం ఎక్కడిది?

ఇంటర్నెట్టు, టెలిఫోనూ కేంద్ర ప్రభుత్వం చేతిలోవి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితా 31వ అంశం చూస్తే తంతి, టెలిఫోను వగైరాలన్నీ అక్కడున్నాయి. సినిమాకు సర్టిఫికెట్టు ఇవ్వడం కూడా కేంద్రం పనే. కానీ సినిమా హాలు మాత్రం రాష్ట్రానిది. రాష్ట్ర జాబితా 33వ అంశంలో నాటకశాలలు, సినిమాలు, ఆటలు, వినోదాలు ఉన్నాయి. అంచేత ఒకే టిక్కెట్టు ఫోనులో ఉన్నంతసేపూ కేంద్రం వాకిట్లో ఉండి, గేటు దగ్గర చూపించేసరికి రాష్ట్రం వాకిట్లోకి వస్తుంది. యాప్ మీద రాష్ట్రానికి నేరుగా పెత్తనం లేకపోయినా, హాలు లైసెన్సు దాని చేతిలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ తాళంచెవినే వాడింది. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టాన్ని సవరిస్తూ 2021 నవంబరు 24న శాసనసభలో బిల్లు పెట్టి పాస్ చేయించింది. టిక్కెట్లు ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఆన్‌లైన్ పద్ధతిలోనే అమ్మాలన్నది దాని సారాంశం. రైలు టిక్కెట్లు ఒకే చోట దొరికినట్టు సినిమా టిక్కెట్లు కూడా ఒకే చోట దొరకాలన్నారు అప్పటి సినిమాటోగ్రఫీ మంత్రి పేర్ని నాని.

ప్రభుత్వానికి ఇంత ఆసక్తి ఎందుకు? పన్ను! పాతకాలపు శ్లాబు పద్ధతిలో హాల్లో ఎన్ని సీట్లున్నాయో లెక్కగట్టి పన్ను వేసేవారు. హాలు నిండినా ఎండినా అదే పన్ను కాబట్టి, ఎన్ని టిక్కెట్లు తెగాయో సర్కారు తొంగి చూడక్కర్లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక అలా కాదు. తెగిన ప్రతి టిక్కెట్టుకీ లెక్క కావాలి. రోజూ హాలువాళ్లు రాసే కలెక్షన్ రిపోర్టు, అదే డీసీఆర్, నిజమా అబద్ధమా అన్నది ఇప్పుడు ప్రభుత్వానికి కూడా ప్రశ్నే. నిర్మాతలకైతే అది ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న! మారుమూల సెంటరులో హాలు నిండిందని అభిమానులు ఫోటోలు పెడుతుంటే, డీసీఆర్‌లో సగం సీట్లే కనిపించిన కథలు ఫిలింనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. అందుకే బిల్లు పాసైన మర్నాడు చిరంజీవి ఆన్‌లైన్ టిక్కెట్లను మెచ్చుకుంటూనే, రేట్ల సంగతి మాత్రం మళ్లీ ఆలోచించమని విన్నవించుకున్నారు.

ఆ రేట్ల గొడవే అసలు విషయాన్ని మింగేసింది. 2021 ఏప్రిల్ 8న, 'వకీల్ సాబ్' విడుదలకు సరిగ్గా ఒక్కరోజు ముందు, జీవో 35 వచ్చింది. దాని ప్రకారం గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాల్లో కింది తరగతి టిక్కెట్టు ఐదు రూపాయలు! ఏసీ హాల్లో పై తరగతికి ఇరవై. అదే హాల్లో సమోసా అంతకంటే ఖరీదు. తర్వాత జరిగిందంతా మీకు తెలిసిందే, చకచకా చెప్పేస్తాను. డిసెంబరు 14న హైకోర్టు ఆ జీవోను సస్పెండు చేసింది. ఆ నెలలోనే తనిఖీలు, హాళ్లకు సీళ్లు, కొందరు తామే తలుపులు మూసుకోవడం. 'శ్యామ్ సింగరాయ్' విడుదల ముందు హీరో నాని, హాలు కంటే పక్కనున్న కిరాణా కొట్టుకే ఎక్కువ వసూళ్లున్నాయన్న అర్థంలో మాట్లాడితే అదో దుమారం. ఆర్. నారాయణమూర్తి వెళ్లి మంత్రిని కలిసి, మూసిన హాళ్ల తరఫున మాట్లాడి వచ్చారు. 2022 జనవరి 10న రామ్‌గోపాల్ వర్మ కూడా మంత్రిని కలిసి, నా సరుకు ధర నిర్ణయించడానికి మీరెవరన్న ధోరణిలో వాదించారు. ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేష్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తదితరులు ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డిని కలిశారు. మార్చి 7న కొత్త జీవో వచ్చింది. కనిష్ఠం ఇరవై, గరిష్ఠం రెండు వందల యాభై. 'ఆర్ఆర్ఆర్'కి మొదటి పదిరోజులు మరో డెబ్భై ఐదు పెంచుకోనిచ్చారు.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులో 'పుష్ప 2' ప్రీమియర్ టిక్కెట్టుకు ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది వందలు వసూలు చేసుకోవడానికి అనుమతి దొరికింది. ఐదు రూపాయల నుంచి ఎనిమిది వందల దాకా, మూడున్నరేళ్లలో! హాళ్లు వేరు, తరగతులు వేరు, సందర్భాలు వేరు, ఒప్పుకుంటాను. అయినా రెండుసార్లూ ధర నిర్ణయించింది ఓ సర్కారీ కాయితమే.

డబ్బు ముందు ఎవరి చేతికి?

నా దృష్టిలో అసలు కథ 2022 జూన్ 2న వచ్చిన జీవో 69లో ఉంది. రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ టిక్కెట్ల పోర్టల్ నడుపుతుంది. హాళ్లన్నీ నెలలోపు దానితో ఒప్పందం రాసుకోవాలి. ప్రైవేటు యాప్‌లు కూడా ఆ గేటు గుండానే అమ్ముకోవాలి. సేవా రుసుము టిక్కెట్టు మీద 2 శాతం లోపు. ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే ఇది బంగారంలా లేదూ? వంద రూపాయల టిక్కెట్టుకు పాతిక బదులు రెండు రూపాయలు!

కానీ హాలువాడి వైపు నుంచి చూడండి. చిన్న ఊళ్లో హాలంటే రోజువారీ రొక్కం మీద నడిచే బండి. సెకండ్‌షో వదిలాక డబ్బు లెక్కబెట్టి, గేట్ కీపర్లకూ ఊడ్చేవాళ్లకూ ఇవ్వాల్సింది ఇచ్చి, జనరేటరు డీజిలుకు తీసిపెట్టి, డిస్ట్రిబ్యూటరు పంపిన రిప్రజెంటేటివ్ చేతిలో వాటా పెడితేగాని మర్నాడు మార్నింగ్ షో పడదు. ఆ డబ్బు ముందు సర్కారు ఖాతాలోకి వెళ్లి తర్వాత వస్తుందంటే హాలువాడి గుండె గుభేలుమంటుంది. డబ్బు ఆగదని ప్రభుత్వం తరఫువాళ్లు పదేపదే చెప్పారు. ప్రభుత్వానికి పనిచేసి బిల్లుల కోసం తిరిగిన కాంట్రాక్టరు ఒక్కడైనా లేని ఊరు ఉంటే, ఆ ఊరి హాలువాడు నమ్మి ఉండేవాడేమో!

యాప్‌లవాళ్ల బాధ ఇంకోటి. ఆటగాడూ, అంపైరూ ఒక్కరే అయితే ఎలా? లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీ చేసేదీ, పోటీగా టిక్కెట్లు అమ్మేదీ ఒకే ప్రభుత్వం. ఈ వాదన నాకు న్యాయంగానే తోచింది. బుక్‌మైషో యాజమాన్యమూ, థియేటర్లవాళ్లూ హైకోర్టుకు వెళ్లారు. 2022 జులైలో కోర్టు జీవో 69 అమలు మీద స్టే ఇచ్చింది.

ఇతర రాష్ట్రాల్లో కూడా ఇలాంటి కథలే నడుస్తున్నాయి. మహారాష్ట్ర ప్రభుత్వం 2013లో, 2014లో ఆర్డర్లు వేసి ఆన్‌లైన్ టిక్కెట్టుపై అదనపు ఫీజు తీసుకోకూడదంది. 2025 జులైలో బొంబాయి హైకోర్టు ఆ ఆర్డర్లను కొట్టేసింది. వ్యాపారం చేసుకునే హక్కును అడ్డుకోవాలంటే దానికి చట్టం ఆధారం ఉండాలి, ఊరికే ఆర్డరు చాలదని. కేరళ ప్రభుత్వం 'ఎంటె షో', అంటే 'నా షో' అన్న పేరుతో సొంత టిక్కెట్ల యాప్‌కి పూనుకుంది.

అభిమాని పేరు ఎవరి పద్దులో?

ఇందాక గుర్తుంచుకోమన్న ముక్క దగ్గరికి వస్తున్నాను. రేట్లెంత, ఫీజెంత, డబ్బు ఎవరి ఖాతాలోకి అని ఏడాదిపాటు కొట్టుకున్నారు. హీరోలు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు, టీవీల్లో అరుచుకున్నారు. ఆ పోర్టల్లో టిక్కెట్టు కొన్నవాడి ఫోను నంబరు ఎవరి దగ్గర, ఎంతకాలం, ఎందుకు ఉంటుందన్న ప్రశ్న ఆ గోలలో పైకి రానేలేదు.

మన రాష్ట్రంలో ఇది చిన్న ప్రశ్న కాదండీ. వేరే చోట సినిమా టిక్కెట్టు సినిమా టిక్కెట్టే. ఇక్కడ మొదటిరోజు మొదటి ఆట టిక్కెట్టు ఒక జెండా! 2021లో 'వకీల్ సాబ్' మొదటి ఆటకి వెళ్లినవాడు పవన్ కల్యాణ్ అభిమాని. పవన్ కల్యాణ్ అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న పార్టీ నాయకుడు, 2024 జూన్ నుంచి ఉపముఖ్యమంత్రి. ఎన్టీఆర్ కాలం నుంచీ మనకు అభిమాన సంఘానికీ పార్టీ కార్యాలయానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇలాంటి చోట రాష్ట్రమంతా తెగిన ప్రతి టిక్కెట్టు వివరమూ ఒకే సర్కారీ కంప్యూటరులో ఉందనుకోండి. ఏ ఊళ్లో, ఏ వీధి కుర్రాళ్లు, ఎవరి సినిమాకి, ఎన్నిసార్లు వెళ్లారో ఒక్క నొక్కుతో తేలిపోతుంది. అలా చేశారని నేననడం లేదు. చెయ్యాలనుకున్నారని చెప్పడానికి నా దగ్గర ఆధారమూ లేదు. కానీ 2019 ఎన్నికల ముందు ఓ పార్టీ యాప్ దగ్గర ఆంధ్ర ఓటర్ల వివరాలున్నాయన్న ఆరోపణతో హైదరాబాదులో కేసు పెట్టడం, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు పోటాపోటీగా దర్యాప్తు బృందాలు వెయ్యడం మన కళ్లముందే జరిగింది. జాబితా అంటూ ఉంటే, అధికారం మారినప్పుడల్లా అది కొత్త చేతుల్లోకి పోతుంది. ఇవాళ మీ హీరో వైరిపక్షం, రేపు మీ స్నేహితుడి హీరో వైరిపక్షం. జాబితాకి పార్టీ ఉండదు.

ప్రైవేటు యాప్ దగ్గర ఉంటే భద్రమా? ఆ మాట కూడా నేననను. జీవో 69 వచ్చిన 2022లో మన వివరాలను కాపాడే ప్రత్యేక చట్టమే దేశంలో లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది నిజమే. దాన్ని అమలుపెట్టే చట్టం 2023 ఆగస్టులోగాని రాలేదు. అంతదాకా ఉన్న 2011 నాటి నిబంధనల్లో పాస్‌వర్డు, బ్యాంకు కార్డు, ఆరోగ్యం వగైరాలే సున్నితమైనవి. ఫోను నంబరు ఆ లిస్టులోనే లేదు!

ఇక 2025 చివర్లో కర్ణాటకలో జరిగింది వినండి. అక్కడి ప్రభుత్వం సెప్టెంబరులో టిక్కెట్టు రెండు వందలు దాటకూడదంది. మల్టీప్లెక్సులు హైకోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నాయి. అయితే డివిజన్ బెంచి ఒక షరతు పెట్టింది. రేపు ప్రభుత్వం గెలిస్తే ప్రేక్షకులకు డబ్బు తిరిగివ్వాలి కదా, అందుకని అమ్మిన ప్రతి టిక్కెట్టుకూ రికార్డు ఉంచమంది. ఉద్దేశం మంచిదే, మన డబ్బు మనకు ఇప్పించడానికే. కానీ దాన్ని అమలు చెయ్యాలంటే రొక్కం ఇచ్చి కొన్నవాడు కూడా ఎవరో తెలియాలి! సినిమాకి గుర్తింపు కార్డు ఎవరు పట్టుకొస్తారని మల్టీప్లెక్సుల తరఫు న్యాయవాది సుప్రీంకోర్టులో వాదించారు. నవంబరు 3న సుప్రీంకోర్టు ఆ షరతుల మీద స్టే ఇచ్చింది. అదే విచారణలో మంచినీళ్ల సీసాకి వంద, కాఫీకి ఏడు వందలేమిటని జడ్జీగారు మల్టీప్లెక్సులకు చురక కూడా పెట్టారు. అది చదివి నేను మా ఆఫీసులో చప్పట్లు కొట్టాను!

నన్నడిగితే ప్రభుత్వం ఫీజుకు పరిమితి పెట్టనీ, అందుకు సరైన చట్టం చెయ్యనీ. డీసీఆర్ లెక్కలు కూడా తెప్పించుకోనీ. ఏ ఆటకి, ఏ తరగతిలో, ఎన్ని టిక్కెట్లు తెగాయో తెలిస్తే పన్నుకు చాలు, నిర్మాత షేరుకు కూడా చాలు. ఆ లెక్కకి ఎవరి పేరూ అక్కర్లేదు. ఎల్-12లో కూర్చున్నది మీరా నేనా అన్నది సర్కారుకెందుకు? టిక్కెట్టు పంపిన మర్నాడు నా నంబరు చెరిపెయ్యడానికి యాప్‌వాడికి అడ్డేమిటి?

ఇప్పుడు మీలో చిన్నవాళ్లకో కబురు. 2023 నాటి చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన షరతులు అమల్లోకి రావడానికి పద్ధెనిమిది నెలల గడువిచ్చారు. ఆ షరతుల్లో ఒకటి చాలా ముచ్చటైనది. పద్ధెనిమిదేళ్లు నిండనివాళ్లను చట్టం పిల్లలుగానే లెక్కగడుతుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే యాప్‌వాడు ముందు అమ్మానాన్నల అనుమతి పొందాలి, అది నిజంగా అమ్మానాన్నలదేనని రూఢి చేసుకోవాలి. పిల్లల అలవాట్లు కనిపెట్టి, వాళ్ల మీదికి ప్రకటనలు వదలడం కూడా నిషేధం. మంచి షరతులే, తప్పులేదు. కానీ ఇంటరు రెండో సంవత్సరం కుర్రాడు మంగళవారం మ్యాట్నీకి టిక్కెట్టు బుక్ చెయ్యబోతే, అనుమతి కోసం నాన్నగారి ఫోను టింగుమంటుందన్నమాట. దానికి జవాబుగా వచ్చేది ఓటీపీయో, వీపు విమానం మోతో నేను చెప్పలేను!